బోట్ మెయిల్ ఉంది, మరి బోటు ఏమైంది? రామేశ్వరం స్టేషన్ మీద మీ ప్రశ్నలు

రైలు ప్రయాణాల మీద ఏమైనా అడగండి అన్నాం కదా, వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే ఊరి పేరు. 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు, రామేశ్వరం దీవికి సముద్రం మీదుగా రైళ్ళు వెళ్ళే కొత్త పాంబన్ వంతెన తెరిచినప్పటి నుంచి మనవాళ్ళలో రామేశ్వరం మీద మళ్ళీ కదలిక వచ్చినట్టుంది. అందుకని ఈసారి పేజీ మొత్తం ఆ స్టేషన్‌కే ఇచ్చేస్తున్నాను. నాకు ఇష్టమైన స్టేషన్ కూడా అదే కాబట్టి కొన్ని జవాబులు కాస్త పొడుగయ్యాయి.

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్ళు. కాశీ చూసొచ్చింది, రామేశ్వరం బాకీ ఉండిపోయిందని రోజూ అంటోంది. 2023లో మా పిన్నివాళ్ళు వెళ్తే రైలు మండపంలోనే ఆపేశారట, సామాన్లతో దిగి బస్సెక్కి నానా అవస్థ పడ్డారు. ఇప్పుడు నేరుగా వెళ్తుందా? – ఒక పాఠకురాలు, తుని

వెళ్తుందమ్మా, ఆ బాకీ ఇక తీర్చేయొచ్చు. మీ పిన్నివాళ్ళకు జరిగింది వాళ్ళ ఒక్కరికే కాదు. పాత వంతెన ఇనుము తుప్పుపట్టి బలహీనపడటంతో 2022 డిసెంబరు చివర్లో దాని మీద రైళ్ళు ఆపేశారు. అప్పటి నుంచి రెండేళ్ళకు పైగా రైళ్ళన్నీ సముద్రానికి ఇవతల మండపంలోనో, ఇంకా ముందే రామనాథపురంలోనో ఆగిపోయేవి. అక్కడి నుంచి రోడ్డు వంతెన మీదుగా బస్సో ఆటోనో పట్టుకోవాల్సిందే. ఆ రెండేళ్ళూ రామేశ్వరం స్టేషన్‌కు పట్టాలు ఉన్నాయి, ప్లాట్‌ఫారాలు ఉన్నాయి, వచ్చే రైలే లేదు. స్టేషన్ ముందు ఆటోలు నడుపుకునేవాళ్ళకూ, చిన్న చిన్న కొట్లవాళ్ళకూ అది ఎంత దెబ్బో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీవైపు నుంచి వెళ్ళాలంటే భువనేశ్వర్–రామేశ్వరం ఎక్స్‌ప్రెస్ విశాఖపట్నం, విజయవాడ మీదుగా వెళ్తుంది. కాకపోతే వారానికి ఒక్కసారే, కాబట్టి రిజర్వేషన్ ముందుగా చేయించుకోండి. తుని దగ్గర్లో మీకు ఏ స్టేషన్ కలిసొస్తుందో బుక్ చేసేటప్పుడే చూసుకోండి. రాయలసీమవాళ్ళకు తిరుపతి నుంచి మీనాక్షి ఎక్స్‌ప్రెస్ ఉంది, వారానికి మూడు రోజులు. హైదరాబాద్ వాళ్ళకు గుజరాత్ నుంచి వచ్చే ఓఖా–రామేశ్వరం ఎక్స్‌ప్రెస్ కాచిగూడ, కర్నూలు మీదుగా వెళ్తుంది, అదీ వారానికి ఒకసారే. ఇవేవీ కుదరకపోతే చెన్నై వెళ్ళి మారడమే. మన రైళ్ళు ఎక్కువగా సెంట్రల్‌కు చేరతాయి, రామేశ్వరం రైళ్ళు మామూలుగా ఎగ్మోర్ నుంచి. మధ్య దూరం రెండు కిలోమీటర్లే అయినా చెన్నై ట్రాఫిక్‌లో అమ్మగారితో పరుగులు పెట్టే పని పెట్టుకోకండి, మధ్యలో మూడు నాలుగు గంటలు ఉండేట్టు టికెట్లు తీసుకోండి. పనులు జరుగుతున్నప్పుడు కొన్ని రైళ్ళు ఎగ్మోర్ నుంచి కాకుండా తాంబరం నుంచి బయల్దేరతాయి, టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో ఒకటికి రెండుసార్లు చూడండి.

ప్రశ్న: మా తాతగారు మద్రాసులో రైలెక్కి కొలంబో వెళ్ళానని చెప్పేవారు. మేం నవ్వేవాళ్ళం. రైలు సముద్రం మీదుగా శ్రీలంక ఎలా వెళ్తుంది? – ఒక పాఠకుడు, నెల్లూరు

మీ తాతగారు నిజమే చెప్పారు. కొలంబోకు టికెట్ కూడా మద్రాసులోనే ఇచ్చేవాళ్ళు.

రామేశ్వరం ఒక దీవి. ఇప్పుడు మనం దాన్ని ఆఖరి స్టేషన్‌గా చూస్తున్నాం గానీ మొదట్లో అలా కాదు. దక్షిణ భారత రైల్వే కంపెనీ 1911లో వంతెన పని మొదలుపెట్టి 1914 ఫిబ్రవరి 24న దాని మీద రైలు నడిపింది. రెండు కిలోమీటర్లకు పైగా పొడవు, మొత్తం సముద్రంలో. అంత డబ్బు, అంత శ్రమ కేవలం యాత్రికుల కోసం పెట్టలేదు. వాళ్ళ కన్ను సిలోను, అంటే ఇప్పటి శ్రీలంక మీద ఉంది. అక్కడి తేయాకు తోటలకు కూలీలు కావాలి, సరుకులు అటూ ఇటూ తిరగాలి. వంతెన దాటగానే వచ్చే పాంబన్ అప్పట్లో జంక్షన్. అక్కడ పట్టాలు రెండుగా చీలేవి, ఒక పాయ రామేశ్వరానికి, ఇంకో పాయ దీవి కొసన ఉన్న ధనుష్కోడికి. మద్రాసు ఎగ్మోర్‌లో బయల్దేరిన బోట్ మెయిల్ నేరుగా ధనుష్కోడి వెళ్ళేది. అక్కడ రైలు దిగితే రేవులో స్టీమరు సిద్ధంగా ఉండేది. ఇర్విన్, గోషెన్ అని ఆ స్టీమర్లకు పేర్లు. ముప్పై అయిదు కిలోమీటర్ల లోపు సముద్రం దాటితే అవతల తలైమన్నార్, అక్కడ మళ్ళీ రైలు, కొలంబో దాకా. అంటే రైలు, స్టీమరు, మళ్ళీ రైలు, అన్నిటికీ కలిపి ఒకటే టికెట్టు.

కాబట్టి ఆ రోజుల్లో మెయిన్ లైను ధనుష్కోడిది. గుడి ఉన్న రామేశ్వరం పక్కనున్న ఒక పాయ మాత్రమే. ఇది చదివినప్పుడు నాకు చాలా ఆశ్చర్యమేసింది, ఎందుకంటే ఇప్పుడు ధనుష్కోడిలో స్టేషన్ అంటే నాలుగు మొండి గోడలు. ఆ సంగతి కింది జవాబులో.

ధనుష్కోడి పోయాక కూడా స్టీమరు రామేశ్వరం రేవు నుంచి తలైమన్నార్‌కు కొన్నాళ్ళు నడిచింది, 1980లలో శ్రీలంకలో యుద్ధం మొదలయ్యాక ఆగిపోయింది. అయినా చెన్నై–రామేశ్వరం ఎక్స్‌ప్రెస్‌ను అక్కడి జనం ఇప్పటికీ బోట్ మెయిల్ అనే అంటారు. బోటు లేకపోయినా పేరు నిలిచిపోయింది. తోడుగా నడిచే ఇంకో రైలు పేరు సేతు ఎక్స్‌ప్రెస్.

ప్రశ్న: మాకు 1977 ఉప్పెన తెలుసు. మా ఇంట్లో ముగ్గురు పోయారు. ధనుష్కోడిలో రైలుకు రైలే కొట్టుకుపోయిందని విన్నాను, నిజమేనా? – ఒక పాఠకురాలు, అవనిగడ్డ

నిజమేనమ్మా. మీ ఉత్తరం చదివి కాసేపు రాయలేకపోయాను. ఉప్పెన అంటే ఏమిటో దివిసీమవాళ్ళకు ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు.

1964 డిసెంబరు 22 అర్ధరాత్రి. 653 నంబరు పాసింజరు పాంబన్‌లో బయల్దేరింది, ఆరు పెట్టెలు, ధనుష్కోడి వెళ్ళేది. అప్పటికే తుపాను సిలోను దాటి ఇటు వచ్చేసింది. ధనుష్కోడి ఇంకా కొద్ది దూరం ఉందనగా సిగ్నల్ పనిచేయలేదు. డ్రైవరు బండి ఆపి చూశాడు, ఎంతసేపటికీ సిగ్నల్ రాలేదు, చీకటి, హోరుగాలి. చివరికి విజిల్ వేసుకుంటూ నెమ్మదిగా ముందుకు కదిలించాడు. అదే సమయంలో ఇరవై అడుగులకు పైన లేచిన కెరటం వచ్చి రైలు మీద పడింది. ఒక్కరూ బతకలేదు. రైల్వే లెక్కలో అయిదుగురు సిబ్బందితో కలిపి 115 మంది. టికెట్ లేకుండా ఎక్కినవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి రెండు వందల దాకా పోయి ఉంటారని అంటారు.

ఊరు కూడా పోయింది. ప్రభుత్వం ధనుష్కోడిని మనుషులు ఉండటానికి పనికిరాని చోటుగా ప్రకటించింది. పాంబన్ నుంచి అక్కడికి వెళ్ళే పట్టాలు మళ్ళీ వేయలేదు. రామేశ్వరం ఆఖరి స్టేషన్ అయ్యింది అలా. సముద్రం ఒక్క రాత్రిలో ఆ పెద్ద లైను తీసుకెళ్ళిపోయింది, పాయగా ఉన్నది మిగిలింది. మన సావిత్రి, జెమినీ గణేశన్ కూడా ఆ రోజుల్లో రామేశ్వరం యాత్రలో ఉన్నారు, క్షేమంగా బయటపడ్డారు.

నేను వెళ్ళినప్పుడు ధనుష్కోడిలో ఆ స్టేషన్ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. గోడలో రాళ్ళ మధ్య ఇసుక కూరుకుపోయి ఉంది, చేత్తో తాకితే పొడిపొడిగా రాలింది. పక్కనే శంఖాలూ గవ్వల దండలూ అమ్ముతున్న ఒక ముసలావిడ, నేను అటే చూస్తున్నానని గమనించినట్టుంది, తమిళంలో ఒకే మాట అంది, "రైల్." చేత్తో సముద్రం వైపు చూపించింది. అంతే.

అక్కడికి వెళ్ళే యాత్రికుల్లో చాలామంది ఫొటోలు తీసుకుని పది నిమిషాల్లో వెనక్కి వచ్చేస్తారు. మీరు వెళ్తే మాత్రం ఒక్క నిమిషం ఆగి ఆ రైల్లో పోయినవాళ్ళను తలుచుకోండి. మీకు నేను చెప్పాలా!

ప్రశ్న: మెట్రో మ్యాన్ శ్రీధరన్ గారు మా కాకినాడలోనే చదివారని మా సార్ చెప్పారు. ఆయనకూ రామేశ్వరానికీ సంబంధం ఏమిటి? – ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

మీ సార్ చెప్పింది సరిగ్గానే ఉంది. ఆయన సివిల్ ఇంజనీరింగ్ చదివింది కాకినాడ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో, అంటే ఇప్పటి మీ జేఎన్‌టీయూకే ఉన్నచోటే. మీ కాలేజీలో అందరికీ తెలియాల్సిన సంగతి ఇది.

ఆ 1964 తుపానుకు పాంబన్ వంతెన మీద 126 గర్డర్లు, అంటే పట్టాలను మోసే ఇనుప దూలాలు, సముద్రంలో పడిపోయాయి. చిత్రంగా, పడవల కోసం తెరుచుకునే మధ్యభాగం మాత్రం నిలబడింది. అప్పటికి రోడ్డు వంతెన లేదు, అది వచ్చింది 1988లో. కాబట్టి రైలు లేకపోతే దీవికి పడవలే దిక్కు. బాగుచేయడానికి రైల్వే ఆరు నెలలు గడువు పెట్టుకుంది, జనరల్ మేనేజరు దాన్ని మూడు నెలలకు తగ్గించాడు, పని అప్పగించింది ముప్పై రెండేళ్ళ శ్రీధరన్‌కు. ఆయన 46 రోజుల్లో పూర్తిచేశారు.

ఎలాగంటే, కొత్త గర్డర్లు తయారు చేయించి తెప్పించాలంటే నెలలు పడుతుంది. ఈలోపు అక్కడి జాలర్లు కొట్టుకుపోయిన పాత గర్డర్లు సముద్రం అడుగున ఫలానా చోట కనబడుతున్నాయని కబురు తెచ్చారు. ఆయన వాటినే పైకి తీయించి, బాగుచేయించి, మళ్ళీ స్తంభాల మీదకు ఎక్కించారు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది ఆ జాలర్ల మాట. చదువుకున్న ఇంజనీరు వాళ్ళ మాట విన్నాడు, నమ్మాడు. 1965 మార్చి 1న రైలు మళ్ళీ వంతెన దాటింది. రైల్వే మంత్రి వెయ్యి రూపాయల బహుమతి ఇచ్చారు. కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో అన్నీ ఆ తర్వాతి మాట.

ప్రశ్న: మా హేవలాక్ వంతెన కన్నా పాంబన్ వంతెన పెద్దదా? పడవ వస్తే వంతెన పైకి లేస్తుందంటున్నారు, అదెలా? – ఒక రిటైర్డ్ ఉద్యోగి, రాజమహేంద్రవరం

పొడవులో మీ హేవలాక్ వంతెనే పెద్దది సార్, అది రెండున్నర కిలోమీటర్లకు పైమాటే. వయసులోనూ పెద్దదే, 1900లో మొదలై 1997 దాకా రైళ్ళు మోసింది. కానీ గోదావరి నీళ్ళు వేరు, సముద్రపు ఉప్పుగాలి వేరు. ఇనుమును తినేయడంలో అమెరికాలోని మయామి తీరం తర్వాత పాంబనే అని ఇంజనీర్లు చెప్తుంటారు. అలాంటి చోట పాత వంతెన 108 ఏళ్ళు నిలిచిందంటే, ఏడాది పొడుగునా గోకి, రంగు వేసి, బోల్టులు బిగించిన గ్యాంగు కూలీల పుణ్యం అది. వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా ఉండవు.

పాత వంతెనకు మధ్యలో తలుపు రెక్కల్లాంటివి రెండు ఉండేవి. షెర్జర్ పద్ధతి అంటారు. పడవ వచ్చినప్పుడు కార్మికులు రెండు వైపులా నిలబడి చేతులతోనే లివర్లు తిప్పితే ఆ రెక్కలు రెండూ మెల్లగా పైకి లేచేవి. కొత్త వంతెనలో రెక్కలు లేవు. 72.5 మీటర్ల పొడవున్న ముక్క మొత్తంగా, రెండు టవర్ల మధ్య లిఫ్టు లేచినట్టు, 17 మీటర్ల ఎత్తుకు నిలువుగా లేస్తుంది. అంతా మోటార్లతోనే, అయిదారు నిమిషాల పని. సముద్రం మీద ఇలా నిలువుగా లేచే వంతెన మన దేశంలో ఇదే మొదటిది. మొత్తం పొడవు 2.08 కిలోమీటర్లు, పాతదానికంటే మూడు మీటర్లు ఎత్తు. ఖర్చు 550 కోట్లు దాటింది. లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ ఊచలు వాడారు, పైన తుప్పు పట్టకుండా ప్రత్యేకమైన రంగు. స్తంభాలు రెండు లైన్లకు సరిపడా కట్టారు, ప్రస్తుతానికి ఒకటే లైను. గాలి హద్దు దాటితే సిగ్నల్ పడదు, రైలు ఇవతలే ఆగిపోతుంది, అలా ఆగితే విసుక్కోకండి.

ఒక్క మాట. పాత వంతెన మీద రైలు నడక కంటే కొంచెం జోరుగా పోయేది, అంతే. తలుపు దగ్గర నిలబడితే పక్కన రెయిలింగు ఉన్నట్టే అనిపించేది కాదు, కింద నీళ్ళే. మీ గోదావరి మీద వేసినట్టే మనవాళ్ళు ఇక్కడా చిల్లర తీసి సముద్రంలోకి వేసేవాళ్ళు. నా ఎదురు సీటులో కూర్చున్న మార్కాపురం పెద్దాయన రూపాయి బిళ్ళ వేసి దణ్ణం పెట్టి, చేతిలో ఉన్న రాగి చెంబును ఇంకాస్త దగ్గరకు తీసుకున్నాడు. అందులో కాశీ నుంచి తెచ్చిన గంగ.

ప్రశ్న: అబ్దుల్ కలాం గారు స్టేషన్‌లో పేపర్లు అమ్మారని పిల్లలకు పాఠం చెప్తున్నాను. సరైనదేనా? – ఒక టీచరు, కరీంనగర్

కొంచెం సరిదిద్దుకోవాలి టీచరుగారూ. స్టేషన్‌లో అమ్మడం కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రామేశ్వరంలో రైలు ఆగడం ఆపేశారు. పేపరు కట్టలను కదులుతున్న రైల్లోంచి రామేశ్వరానికీ ధనుష్కోడికీ మధ్య విసిరేసేవాళ్ళు. పేపర్ల ఏజెన్సీ ఆయన బంధువు ఒకరిది. పడ్డ కట్టలు పట్టుకుని తెచ్చే పనిలో సాయంగా కలాంను పెట్టుకున్నాడు. 1931లో పుట్టినవాడు కాబట్టి అప్పటికి చిన్న కుర్రాడే. తన మొదటి సంపాదన అదేనని పెద్దయ్యాక కూడా గర్వంగా చెప్పుకున్నారు. రైలు ఆగకపోవడం వల్ల దొరికిన పని అది, పిల్లలకు ఆ సంగతి కూడా చెప్పండి, బాగా గుర్తుంటుంది. పాంబన్ నుంచి రామేశ్వరం వెళ్ళే దారిలో పేయ్‌కరుంబు దగ్గర ఆయన స్మారకం ఉంది, విహారయాత్రకు తీసుకెళ్తే అక్కడ ఆగండి.

ప్రశ్న: మా చిన్నప్పుడు రామేశ్వరం అంటే మద్రాసులో రైలు మారి చిన్న రైలు ఎక్కేవాళ్ళం. ఇప్పుడు నేరుగా ఎలా వస్తున్నాయి? – ఒక పాఠకురాలు, గుంటూరు

మీరన్న చిన్న రైలు మీటర్ గేజ్, అంటే పట్టాల మధ్య వెడల్పు తక్కువ. ఎగ్మోర్ నుంచి కిందికి అంతా అదే ఉండేది, మన వైపు రైళ్ళు బ్రాడ్ గేజ్, ఒకదాని పట్టాల మీద ఇంకోటి పోదు. మానామదురై–రామేశ్వరం లైనును, వంతెనతో సహా, బ్రాడ్ గేజ్‌కు మార్చి 2007 ఆగస్టులో తెరిచారు. అక్కడి నుంచే దూరప్రాంతాల రైళ్ళు రావడం మొదలైంది.

ప్రశ్న: స్టేషన్‌లో దిగాక ఏమిటి? గుడి ఎంత దూరం? సామాన్లు ఎక్కడ పెట్టాలి? – చాలామంది

గుడి కిలోమీటరున్నర దూరంలో ఉంటుంది. చెన్నై రైళ్ళు ఎక్కువగా తెల్లవారుజామున చేరతాయి, ఆ టైములో ఆటోవాళ్ళు చుట్టుముడతారు. ఎక్కేముందే రేటు తేల్చుకోండి. ఒకసారి మా కుటుంబాన్ని ఒకతను గుడి పక్కనే అని చెప్పి ఎక్కడో దూరంగా ఒక లాడ్జి ముందు దింపేశాడు, చీకట్లో పిల్లలతో బాగా టెన్షన్ పడ్డాం. అందుకని గుడి తూర్పు గోపురం దగ్గరకు అని స్పష్టంగా చెప్పండి, అగ్నితీర్థం దాని ఎదురుగానే. సామాన్లకు స్టేషన్‌లో క్లోక్‌రూమ్ ఉంటే సంచులకు తాళం తప్పనిసరి, తాళం లేనివి తీసుకోరు. స్టేషన్‌ను కొత్తగా కట్టే పనికి 2022 మేలో శంకుస్థాపన జరిగింది, కాబట్టి ఏ గది ఎటు మారిందో దిగగానే అక్కడివాళ్ళనే అడగండి.

పొడి బట్టలు ఒక జత విడిగా పైన పెట్టుకోండి. ఇరవై రెండు తీర్థాల్లో స్నానం అంటే బావి దగ్గర నుంచి బావి దగ్గరకు తడి బట్టలతోనే నడవాలి, లోపల రాతి నేల జారుతుంది. కాళ్ళకు చెప్పులు ఉండవు కాబట్టి పెద్దవాళ్ళకు చెయ్యి పట్టుకునే మనిషి ఒకరు పక్కనే ఉండాలి.

ధనుష్కోడికి బస్సులున్నాయి, జీపులున్నాయి. 2017 నుంచి అరిచల్‌మునై కొస దాకా తారు రోడ్డే. మధ్యాహ్నం ఎండలో వద్దు, పొద్దున్నే వెళ్ళొచ్చేయండి. ధనుష్కోడికి మళ్ళీ పట్టాలు వేస్తామని 2019లో శంకుస్థాపన కూడా చేశారు గానీ ఒక్క పట్టా పడలేదు. నన్నడిగితే పడకపోయినా ఫర్వాలేదు, ఆ ఇసుకను అలాగే వదిలేయడమే మంచిది.

తుని అమ్మగారికి ఇంకొక్క మాట. తిరుగు ప్రయాణం మాత్రం పగటి రైలుకు పెట్టుకోండి, మదురై వెళ్ళే పాసింజరైనా సరే. వచ్చేటప్పుడు చీకట్లో వంతెన ఎప్పుడు దాటామో కూడా తెలియదు. పగలైతే పాంబన్ స్టేషన్ రాగానే మీ అమ్మగారిని కిటికీ పక్కకు జరపండి. చిల్లర కూడా చేతిలో సిద్ధంగా ఉంచండి.